ఒకే రివాల్వర్, ఇరుక్కున్న మూడు రౌండ్లు, మూడు కారణాలు

2025లో సంక్రాంతి వెళ్లిన వారానికి, భీమవరం వైపు చేపల చెరువులున్న ఒక ఆసామి .32 రివాల్వర్ ఒకటి తువ్వాల్లో చుట్టి మా షాపుకి తెచ్చారు. మా షాపు లైసెన్సున్న ఆయుధాల రిపేరు షాపు. నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాక ఇక్కడ కూర్చుంటున్నాను. అందుకే ఆయన ఇప్పటికీ నన్ను హెడ్ గారూ అనే పిలుస్తారు.

తువ్వాలు విప్పి చూస్తే రివాల్వర్ సగం తెరుచుకుని ఉంది. పూర్తిగా తెరుచుకోదు, మూసుకోదు. తూటాలు పెట్టే సిలిండర్‌లో మూడు రౌండ్లు (తూటాలు) ఇరుక్కుని ఉన్నాయి.

"ఆరు కాల్చానండి. తెరవగానే మూడు ఊడిపడ్డాయి. మిగతావి ఎంత లాగినా రావట్లేదండి. ఇంటికెళ్లాక ముందు వైపు నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచాను కూడా. కదల్లేదండి," అన్నారు.

స్క్రూడ్రైవర్ మాట వినగానే నేను ఆయన్ని మాట్లాడొద్దన్నట్టు చెయ్యి చూపించి, రివాల్వర్ తీసుకుని బారెల్‌ని ఇసుక డబ్బా వైపు తిప్పి పెట్టాను. వెనక నుంచి చూస్తే మూడింటి ప్రైమర్ల మీదా, అంటే సూది కొడితే పేలి లోపలి మందుని అంటించే అడుగు బిళ్లల మీదా, సూది దెబ్బ గుంట ఉంది. చాలామంది అక్కడే మోసపోతారు. గుంట ఉందంటే సూది తగిలిందని మాత్రమే అర్థం. పేలిందా లేదా అన్నది ఆ గుంట చెప్పదు. అది తెలియాలంటే సిలిండర్‌ని ముందు వైపు నుంచి, కాస్త పక్కగా, టార్చి వేసి చూడాలి. ఖాళీ కేసయితే, అంటే గుండు, మందు పోయి ఇత్తడి గొట్టం మాత్రమే మిగిలితే, లోపల డొల్లగా, అడుగు దాకా చీకటిగా కనిపిస్తుంది. రెండు చాంబర్లలో, అంటే సిలిండర్‌లో రౌండు కూర్చునే బెజ్జాల్లో, అలాగే ఉంది. మూడో దాంట్లో గుండు అలాగే ఉంది. దాని ముక్కు మీద స్క్రూడ్రైవర్ గీతలు కొత్తగా మెరుస్తున్నాయి.

అంటే కాల్పులు సాధన చేసే రేంజ్‌లో ఆరుసార్లు ట్రిగ్గర్ నొక్కారు, ఐదే పేలాయి. చెవులకి మఫ్‌లు, పక్క లేన్లలో వేరేవాళ్ల కాల్పులు, ఒకదాని తర్వాత ఒకటి గబగబా నొక్కడం. పేలనిదాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. పేలని రౌండుతో ఆయన కారులో ఇంటికొచ్చారు, ఇంట్లో దాన్నే పొడిచారు, మళ్లీ అదే రివాల్వర్‌తో నా దగ్గరికి వచ్చారు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం పాలిపోయింది. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే రిజిస్టరు తెరిచాను.

మా సర్వీసులో రేంజ్ మీద నేర్పిన పద్ధతి ఇది. పేలకపోతే బారెల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది. ఆ తర్వాతే తెరవాలి. రేంజ్ దిగేటప్పుడు ఎన్ని రౌండ్లు తీసుకున్నామో అన్ని ఎంప్టీలు (పేలిన ఖాళీ కేసులు) అప్పజెప్పాలి. ఎంప్టీల లెక్క దొంగతనం ఆపడానికే అనుకుంటారు కుర్రాళ్లు. నిజానికి చాంబర్‌లో ఏమైనా మిగిలిందా అన్నది కూడా ఆ లెక్కతోనే బయటపడుతుంది.

రివాల్వర్ తీరు

ఇది టాప్ బ్రేక్ రకం, అంటే పై గొళ్లెం నొక్కితే బారెల్, సిలిండర్ కలిసి ముందుకి విరిగినట్టు వంగుతాయి. పాత వెబ్లీ రివాల్వర్లది ఈ పద్ధతే. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్‌దీ ఇదే. వంచుతున్నప్పుడు సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఒక ముక్క పైకి లేస్తుంది. అదే ఎక్స్‌ట్రాక్టర్ స్టార్. ఆరు కేసుల్నీ రిమ్ (కేసు అడుగున బయటికి వచ్చిన అంచు) కింద పట్టుకుని ఒకేసారి పైకెత్తి, చివరికొచ్చాక స్ప్రింగుతో చటుక్కున వెనక్కి పడుతుంది.

ఈ స్టార్ పట్టు ఎంత ఉంటుందో చూడండి. ఈ రివాల్వర్‌లో వాడే .32 లాంగ్ రౌండు రిమ్ వెడల్పు సుమారు 9.5 మిల్లీమీటర్లు, కేసు ఒళ్లు 8.6 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. రెండింటికీ తేడా సగం చేస్తే, ఒక్కో వైపు రిమ్ బయటికి వచ్చేది అర మిల్లీమీటరు కూడా లేదు. కేసు తేలిగ్గా జారితే ఆ పట్టు బ్రహ్మాండంగా సరిపోతుంది. బిగుసుకున్న కేసుని బలవంతంగా లాగితే స్టార్ ఆ సన్నటి అంచు మీంచి జారి, వెనక్కి పడేటప్పుడు రిమ్ కిందికి పోకుండా రిమ్ మీదే కూర్చుంటుంది. ఇక రివాల్వర్ మూసుకోదు. ఈయనకి జరిగిందదే. ఇలాంటప్పుడు ఇంకా బలంగా వంచితే స్టార్ అంచులు అరుగుతాయి, ముందున్న కీలు వదులవుతుంది. అదృష్టం బాగుండి ఈయన అంతదూరం పోలేదు. స్టార్ అంచుల్లో ఒకటి కొంచెం నలిగింది తప్ప పెద్ద నష్టం లేదు.

కేసు ఎందుకు బిగుసుకుంటుంది

పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి చాంబర్ గోడకి గట్టిగా అతుక్కుంటుంది. వెనక్కి గ్యాస్ రాకుండా ఆపేది ఆ అతుకే. గుండు బారెల్ దాటగానే ఒత్తిడి పడిపోతుంది, ఇత్తడి కొంత వెనక్కి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం వల్ల దొరికే ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. రివాల్వర్ సాఫీగా నడవడం ఆ ఖాళీ మీదే ఆధారపడి ఉంది. దాన్ని తినేసేవి కొన్నే. ఒత్తిడి మరీ ఎక్కువై ఉక్కు గోడ కూడా సాగి, తిరిగి వచ్చేటప్పుడు కేసుని బిగించేయడం ఒకటి. గోడ గరుకుగా ఉండి ఇత్తడి ఆ గరుకులోకి దిగడం ఒకటి. కేసుకీ గోడకీ మధ్య చెత్త పేరుకోవడం ఒకటి. చాంబర్ ఆకారమే చెడిపోవడం ఇంకొకటి.

బిగుసుకున్న కేసు అనగానే మందు ఎక్కువైందేమో అనుకోవడం మాగ్నమ్ (ఎక్కువ ఒత్తిడి రౌండ్ల) రివాల్వర్లు వాడేవాళ్లకి అలవాటు. .357 మాగ్నమ్‌లో అది సరైన అనుమానమే. అమెరికా ప్రమాణాల సంస్థ సామీ లెక్కలో దాని గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. .32 లాంగ్‌కి 15,000 మాత్రమే. 1896లో వచ్చిన ఈ రౌండు చాలా మెత్తనిది. ఫ్యాక్టరీ రౌండుతో ఈ రివాల్వర్‌లో ఉక్కు సాగేంత ఒత్తిడి వస్తుందని నేను మొదటే అనుకోను. పైగా అన్ని చాంబర్లలోనూ బిగిస్తే రౌండ్లని అనుమానించాలి, కొన్ని చాంబర్లలోనే బిగిస్తే చాంబర్లని చూడాలి. ఇక్కడ మూడు వచ్చాయి, మూడు రాలేదు. కాబట్టి చాంబర్లనే ముందు చూడాలనుకున్నాను.

పొట్టి రౌండు సంగతి కూడా అడిగాను. .32లో 1878 నాటి పొట్టి రౌండు ఒకటుంది, కేసు పొడవు 15.5 మిల్లీమీటర్లు. లాంగ్ కేసు 23.4. పొట్టివి ఎక్కువ కాల్చిన చాంబర్‌లో, పొట్టి కేసు మూతి ఆగే చోటు నుంచి ముందుకి మసి, సీసం కలిసి ఉంగరంలా గట్టిపడుతుంది. తర్వాత లాంగ్ పెడితే దాని మూతి ఆ ఉంగరంలో దూరి ఇరుక్కుంటుంది. మా మేనల్లుడు హ్యూస్టన్‌లో ఉంటాడు, అక్కడ .357 కొనుక్కున్నాడు. రెండేళ్లు చవకని, అందులోనే పట్టే పొట్టి .38 స్పెషల్ కాల్చి, ఒకరోజు .357 పెడితే ఒక్కటీ బయటికి రాలేదట. ఫోన్‌లో కంగారుపడ్డాడు. అది అచ్చం ఇదే జబ్బు. .38 స్పెషల్ కేసు 29.3, .357 కేసు 32.8. మూడున్నర మిల్లీమీటర్ల మేర మసి గట్టిపడింది. రాత్రంతా నూనెలో నానబెట్టి ఇత్తడి బ్రష్షుతో రుద్దమన్నాను, తెల్లారేసరికి తీరింది. ఈ ఆసామి మాత్రం లాంగ్ తప్ప వేరేవి ఎన్నడూ వాడలేదు. చాంబర్లలో టార్చి వేసినా ఉంగరం కనపడలేదు. ఆ దారి మూసుకుంది.

తీయడం

గుర్తుకోసం సిలిండర్ మీద మార్కర్‌తో 1 నుంచి 6 వరకూ అంకెలు వేశాను. ఇరుక్కున్నవి 2, 3, 5. పేలనిది 2లో ఉంది. ఊడిపడ్డ మూడు ఎంప్టీల్ని ఆయన జేబులో తెచ్చారు, అది మంచి పని. ఇలాంటి రిపేరుకి వచ్చేవాళ్లు ఎంప్టీలు పారేయకుండా తెస్తే సగం పని అయినట్టే.

2వ చాంబర్‌ని నేను కొట్టలేదు. ప్రైమర్‌లో ప్రాణం ఉందో లేదో తెలియని రౌండుని సుత్తితో ఏ వైపు నుంచీ తాకకూడదు. సిలిండర్‌ని ఫ్రేమ్ నుంచి విడదీసి, స్టార్ తీసి పక్కన పెట్టి, రౌండు చుట్టూ నూనె వదిలి, వేరే గదిలో ఇనుప పెట్టెలో రెండు రోజులు ఉంచాను. మూడో రోజు ముఖం పక్కకి పెట్టి, చెక్క పుల్లతో గుండు మీద చేతి బలంతో మాత్రమే నొక్కితే, కిర్రుమని శబ్దం చేస్తూ వెనక్కి జరిగింది. రాకపోయి ఉంటే ఇంకో వారం నానబెట్టేవాణ్ని తప్ప సుత్తి పట్టేవాణ్ని కాదు. ఆ రౌండుని రిజిస్టరులో రాసి, ఆసామి చేతనే స్టేషన్‌లో రాతపూర్వకంగా అప్పగించాం.

ఖాళీ కేసులున్న 3, 5 చాంబర్ల పని వేరు. బెజ్జం ఉన్న చెక్క దిమ్మ మీద సిలిండర్ పెట్టి, 7 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని ముందు నుంచి కేసు లోపలికి దించి, అడుగున తాకించి, చిన్న సుత్తితో తట్టాను. కడ్డీ ఇత్తడిదే ఉండాలి, ఇనుపది గోడకి తగిలితే కొత్త గీత పడుతుంది. 3వది రెండు తట్టులకే వచ్చింది. 5వది రాలేదు. రాత్రంతా నూనెలో ఉంచి, పొద్దున గట్టిగా కొడితే, కదిలిన ప్రతిసారీ పట్టి పట్టి వచ్చింది. మురికి వల్ల పట్టిన కేసు ఒకసారి వదిలాక జారిపోతుంది. ఇది మాత్రం మధ్య దాకా పోరాడింది. ఆ పోరాటమే నాకు అసలు అనుమానం కలిగించింది.

కేసులు చెప్పిన సంగతి

బల్ల మీద ఆరింటినీ వరుసగా పెట్టి, భూతద్దం, మైక్రోమీటర్ తీసుకుని కూర్చున్నాను. ఈ వృత్తిలో నాకు బాగా నచ్చే పని ఇదే. పేలిన కేసు అంటే చాంబర్ లోపలి గోడకి ఇత్తడి మీద తీసిన అచ్చు. ఓపికగా చూస్తే లోపల ఏముందో అంతా చెబుతుంది.

1, 4, 6 కేసులు నున్నగా ఉన్నాయి. మధ్యలో కొలత 8.60 మిల్లీమీటర్లు. మంచివి.

2లోంచి వచ్చిన పేలని రౌండు ఆకుపచ్చగా ఉంది. కేసు చుట్టూ, ముఖ్యంగా రిమ్ దగ్గర, చిలుము పొడి పొరలా కట్టి ఉంది. తోలు బెల్టు లూపుల్లో ఎక్కువ కాలం ఉన్న రౌండ్లకి పట్టే చిలుము అది. తోలుని శుద్ధి చేయడానికి వాడే ఆమ్లాలు, లవణాలు మన తీరంలో గాలి తేమతో కలిసి ఇత్తడిని తింటాయి. ఆ పొర మందమే కేసుకీ చాంబర్ గోడకీ మధ్య ఖాళీని నింపేసింది. ప్రైమర్ గుంట మాత్రం నిండుగా, లోతుగా ఉంది. అంటే సూదీ, మెయిన్ స్ప్రింగూ బాగానే ఉన్నాయి, చచ్చింది ప్రైమరే. అడిగితే ఆయనే చెప్పారు. దసరాకి రౌండ్లు నింపి, తుప్పు పట్టకుండా సిలిండర్ అంతా స్ప్రే ఆయిల్ కొట్టారట. చొచ్చుకుపోయే నూనె ప్రైమర్ అంచుల్లోంచి లోపలికి దిగితే మందు చచ్చిపోవచ్చు. ఆత్మరక్షణ కోసం పెట్టుకున్న ఆయుధంలో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

3వ కేసు ఒక వైపున చేతి గోరుకి తగిలేలా మూడు చిన్న పొక్కులున్నాయి. గోడలో గుంటలుంటే పేలినప్పుడు ఇత్తడి వాటిలోకి దిగి ఇలా పొక్కులవుతాయి. చాంబర్‌లో చూస్తే సరిగ్గా అక్కడే తుప్పు తిన్న గుంటలు కనిపించాయి, అన్నీ ఒకే వైపు. రివాల్వర్‌ని పక్కకి పడుకోబెట్టినప్పుడు తేమ దిగి ఆగే వైపు అది. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే ఆయన అందరిలాగే ఆయుధాన్ని స్టేషన్‌లో డిపాజిట్ చేశారు. తోలు హోల్‌స్టర్‌తో సహా ఇచ్చేశారు. జూన్‌లో ఫలితాలొచ్చాక తెచ్చుకుని, హోల్‌స్టర్ విప్పకుండానే బీరువాలో పెట్టారు. ఆ తర్వాత వానాకాలమంతా అందులోనే ఉంది. స్టేషన్‌లో ఎంత తుప్పు పట్టిందో, ఇంట్లో ఎంత పట్టిందో చెప్పలేం. హోల్‌స్టర్ మాత్రం రెండు చోట్లా అదే. తోలు తేమని పీల్చి పట్టుకుంటుంది. డిపాజిట్ చేసేటప్పుడు హోల్‌స్టర్ తీసేసి, పల్చగా నూనె రాసిన గుడ్డలో చుట్టి ఇవ్వమని నేను అందరికీ చెబుతుంటాను.

5వ కేసు వేరే కథ. దాని మీద పొక్కులు లేవు, చిలుము లేదు. నడుము దగ్గర సన్నటి గీతలు కేసు చుట్టూ వలయాలుగా ఉన్నాయి. నడుము నుంచి అడుగు వైపు పొడుగునా లాగిన మెరుపు చారలు. మైక్రోమీటర్ పెడితే అడుగు దగ్గర 8.60, నడుము దగ్గర 8.69. ఇరుకు దారిలోంచి ఈడ్చుకొచ్చాక కూడా 8.69 ఉందంటే లోపల ఇంకా ఎక్కువే ఉండాలి. స్మాల్ హోల్ గేజ్‌తో చాంబర్ కొలిచాను. వెనక మూతి దగ్గర 8.62, పది మిల్లీమీటర్ల లోతులో 8.72, ఇంకా ముందుకెళితే మళ్లీ 8.63. చాంబర్ కుండలా అయింది. కుండ కడుపులో ఉబ్బిన కేసు కుండ మెడలోంచి ఎలా వస్తుంది?

ఉక్కు తనంతట తాను అలా అవదు. చుట్టూ వలయాల గీతలంటే తిరిగే పనిముట్టు ఏదో లోపలికి పోయింది. నేను కోప్పడకుండా, "ఈ ఒక్క చాంబర్‌ని ఎవరు రుద్దారండీ?" అని అడిగాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. అంతకుముందు ఏడాది కాల్చినప్పుడు 5వది ఒక్కటే కాస్త పట్టిందట. చెరువుల దగ్గర ఏరియేటర్ మోటార్లు బాగుచేసే కుర్రాడికి చూపిస్తే, వాడు పుల్లకి వాటర్ పేపర్ చుట్టి, డ్రిల్లుకి బిగించి, లోపల నున్నగా చేసిచ్చాడట. "అద్దంలా మెరిసిందండి. మంచి పని చేశాడనుకున్నాను," అన్నారు.

ఆ కుర్రాడికి చెడ్డ ఉద్దేశం లేదు, మోటారు షాఫ్టు విషయంలో ఆ పని సరైనదే అయ్యుండేది. కానీ ఆయుధాల రిపేరుకి 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి, అది ఉత్త కాగితం ముచ్చట కాదు. మెరవడం వేరు, కొలత నిలవడం వేరు. బహుశా మొదట 5లో ఉన్నది 2లో ఉన్నలాంటి చిలుమే. ఇత్తడి బ్రష్షుతో పది నిమిషాల పని. దాని కోసం ఉక్కునే తీసేశారు.

చేసిన పని, చేయని పని

2వ చాంబర్‌కి నూనె, ఇత్తడి బ్రష్షు, పొడి గుడ్డ సరిపోయాయి.

3వ దాన్ని ముందు బ్రష్షుతో తుప్పు వదిలించి, ఫెల్ట్ ముక్కకి చాలా సన్న పాలిషింగ్ పేస్టు రాసి, చేత్తోనే, చివరి రుద్దు పొడుగునా ఉండేలా రుద్దాను. గుంటల్ని తీసేయాలని ప్రయత్నించలేదు. గుంట పోవాలంటే చుట్టూ ఉన్న ఉక్కు అంతా పోవాలి. గుంట అంచుల పదును చస్తే చాలు, ఇత్తడి అక్కడ కొక్కెంలా పట్టదు. ముందు కొలత 8.61, తర్వాత కొలత 8.61. మారకపోవడమే నాకు కావాల్సింది. కేసు మూతి ఆగే మెట్టు దాటి ముందుకి అసలు పోలేదు. అక్కడి ఇరుకు భాగం గుండుకి దారి చూపేది, దాని కొలత చెడితే గురి చెడుతుంది.

5 దగ్గర చెయ్యి ఆపేశాను. రీమర్ పెట్టి మూతిని కూడా 8.72కి పెద్దది చేస్తే కేసు బయటికి వస్తుంది, నిజమే. ఆయన కూడా అదే అడిగారు. అప్పుడు కేసు అవసరమైన దానికంటే ఎక్కువ ఉబ్బాలి, అడుగు దగ్గర గోడ ఆసరా తగ్గుతుంది, పాత ఇత్తడయితే చీలుతుంది. రెండు చాంబర్ల మధ్య గోడ అసలే పల్చన. ఐదు కాల్చి ఒకటి వదిలేస్తానన్నారు, దానికీ నేను ఒప్పుకోలేదు. భయంలో ఉన్న మనిషి రాత్రివేళ ఏ చాంబర్ వదలాలో గుర్తు పెట్టుకోడు. సిలిండర్ మార్చాల్సిందే అని రాసిచ్చి, కాగితాలన్నీ పెట్టి తయారీదారుకి పంపించాం.

బెల్టులో మిగిలిన రౌండ్లు

బెల్టులో ఇంకా 18 రౌండ్లున్నాయి. పొడి గుడ్డతో తుడిచి, బాగున్న 1వ చాంబర్‌లో ఒక్కొక్కటీ వదిలి చూశాను. మంచి రౌండు తన బరువుకే టక్కుమని దిగాలి, తిరగేస్తే తన బరువుకే రావాలి. ఏడు దిగలేదు. మిగతావాటిలో ఒకదాని మూతి దగ్గర వెంట్రుక లాంటి పగులు.

ఆ పగులు చూసి ఇంకో ప్రశ్న అడిగాను. దసరా ఆయుధ పూజకి రౌండ్లని ఇత్తడి సామాన్ల పాలిష్‌తో తోమించారట. అలాంటి పాలిష్‌లలో చాలావాటిల్లో అమ్మోనియా ఉంటుంది. బిగువులో ఉన్న ఇత్తడికి అమ్మోనియా తగిలితే పగులుతుంది. ఇది మన దేశంలోనే బయటపడిన సంగతి. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల్లో దాచేది, తర్వాత చూస్తే కేసులు చీలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. చీలిన కేసు పేలితే గ్యాస్ పక్కకి కారి, చాంబర్ గోడని కాల్చి, మసి పట్టిస్తుంది. తర్వాతి కేసు అక్కడ పడుతుంది.

పూజ మానమని నేను చెప్పను. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) ప్రతి దసరాకీ చేసేవాళ్లం, నేనే బొట్టు పెట్టేవాణ్ని. బొట్టు ఫ్రేమ్ మీద పెట్టండి, సిలిండర్ మీద వద్దు. తడి పసుపు, కుంకుమ చాంబర్లలోకి పోతే అదే తుప్పుకి మొదలు. పూజ అయ్యాక అదే రోజు తుడిచి, పల్చగా నూనె రాయండి. కాల్చే ముందు మాత్రం చాంబర్లు పూర్తిగా పొడిగా ఉండాలి. నూనె ఉంటే కేసు గోడని పట్టుకోదు, ఆ దెబ్బంతా వెనక ఫ్రేమ్ మీద, గొళ్లెం మీద పడుతుంది. టాప్ బ్రేక్‌లో ఆ గొళ్లెమే అన్నింటికీ ఆధారం.

తిరిగి వచ్చాక

కొత్త సిలిండర్‌తో రివాల్వర్ జూన్ చివర్లో తిరిగి వచ్చింది. నేను మళ్లీ చూశాను. ఆరు చాంబర్లూ లోతంతా 8.61, 8.62 మధ్యే ఉన్నాయి. సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య ఖాళీ ఫీలర్ గేజ్‌తో 0.15 మిల్లీమీటర్లు. హామర్ మెల్లగా ఎత్తినా ఆరూ సరిగ్గా లాక్ పడ్డాయి. నలిగిన పాత స్టార్ స్థానంలో కొత్తదే వచ్చింది.

ఆయన్ని వెంటబెట్టుకుని రేంజ్‌కి వెళ్లాను. కొత్త డబ్బాలోంచి 18 రౌండ్లు, మూడు విడతలు. తెరిచే పద్ధతి కూడా అక్కడే నేర్పించాను. ఆయన ఇన్నాళ్లూ భద్రంగా, మెల్లగా తెరిచేవారు. టాప్ బ్రేక్‌ని అలా తెరిస్తే, సగం లేచిన కేసు స్టార్ వెనక్కి పడే లోపు మళ్లీ చాంబర్‌లోకి జారి, స్టార్ కిందికి పోతుంది. బారెల్ రేంజ్ వైపే ఉంచి, రివాల్వర్‌ని పక్కకి వాల్చి, ఒక్క విసురున తెరవాలి, అప్పుడు ఎంప్టీలు ఎగిరి పక్కన పడతాయి. మొదటి విడతలో ఆయన చెయ్యి వణికింది, ఒక కేసు స్టార్ కింద ఆగింది. వేలితో తీసేస్తే వచ్చేసింది, బిగుసుకోలేదు. రెండో విడత నుంచి ఆరూ ఒకేసారి నేల మీద పడ్డాయి.

ప్రతి విడతకీ ఆయనే ఎంప్టీలు ఏరి, సిలిండర్‌ని ముందు నుంచి చూసి, లెక్క నాకు చెప్పారు. కాల్చినవి 18, పేలినవి 18, ఎంప్టీలు 18. మధ్య కొలత అన్నింటికీ 8.60 దగ్గరే వచ్చింది. రిజిస్టరులో ఆ అంకెలు రాసి సంతకం పెట్టించుకున్నాను. మిగిలిన రౌండ్లు డబ్బాలోనే, సిలికా జెల్ పొట్లంతో పాటు ఇంటికి తీసుకెళ్లారు.